ఉచితంగా తోలే నల్ల ఇసుక: దించే ముందు కాగితం అడగండి

పోస్టు కొంచెం పెద్దది, సాయంత్రం తీరిక చూసుకుని చదవండి. మీ డొంకకో, పశువుల కొట్టానికో, పల్లపు మడికో ఎవరైనా ఉచితంగా ఇసుక తోలతామని చెప్పి ఉంటే మాత్రం ఇప్పుడే చదవండి.

పోయిన వారం ఒకాయన ఫోన్ చేశాడు. "అన్నా, వానాకాలం వస్తే మీ డొంకలో ట్రాక్టర్లు దిగబడిపోతున్నాయంట కదా. ఇసుక తోలిస్తాం. 30 టిప్పర్లయినా సరే. పైసా ఇవ్వక్కర్లేదు, ఎక్కడ దించాలో చూపిస్తే చాలు" అన్నాడు. గ్రావెల్ లోడు ఇవాళ ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏం ఇసుకయ్యా అంటే, "ఫౌండ్రీ ఇసుక అన్నా. నల్లగా ఉంటుంది. నీళ్లు కొట్టి రోలరు తిప్పితే బండలాగా కూర్చుంటుంది" అన్నాడు.

నేను మూడు మాటలు అడిగా. ఏ ఫౌండ్రీ? అక్కడ ఏ లోహం పోత పోస్తారు? ఇసుకలో బంకమట్టి కలుపుతారా, రెసిన్ కలుపుతారా? "కనుక్కుని చెప్తానన్నా" అని పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. మూడు రోజుల తర్వాత పక్క ఊరి డొంకలో ఆరు లోడ్లు దిగాయని తెలిసింది. వాళ్లు ఏం అడగలేదు కాబోలు.

వాళ్లనేం అనను. ఏడేళ్ల కిందట నేనూ ఏం అడగలేదు.

అప్పుడు మా పశువుల కొట్టం పల్లంగా ఉండి వానకు బురద అయ్యేది. ఇలాగే నాలుగు లోడ్ల నల్ల ఇసుక వచ్చింది. ఉచితం అనగానే ఊ అన్నా. కొట్టంలో పరిపించి దిమ్మిస కొట్టించా. చాలా బాగా కూర్చుంది. ఊళ్లో పది మంది వచ్చి చూసి, మాకూ చెప్పరా అన్నారు. దాని మీదే వరిగడ్డి వేసేవాళ్లం, పచ్చి జొన్న కూడా నేల మీదే వేసేవాళ్లం. గాబు దగ్గర కొంచెం మిగిలింది, దాన్ని అలాగే వదిలేశాం.

ఐదారు నెలలు గడిచాయి. రెండో ఈత ముర్రా గేదె ఒకటి, పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది, మేత మానేసింది. ముందు అజీర్తి అనుకున్నాం. వాము, బెల్లం, నాటు వైద్యం అన్నీ అయ్యాయి. పాలు అర లీటరుకు వచ్చాయి. నడుం గూనిలా పెట్టి నిలబడేది, ముందు కాళ్ల మోచేతులు బయటికి పెట్టేది, పల్లంలోకి దిగమంటే దిగేది కాదు. గంగడోలు దగ్గర నీరు దిగింది. అప్పుడు పిలిచాం డాక్టరు గారిని. ఆయన వీపు మీద నొక్కి చూసి, మూలుగు విని, "ఇనుప ముక్క మింగింది. ముందే పిలిస్తే ఆపరేషన్ చేసి తీసేవాళ్లం. ఇప్పుడు గుండె దాకా వచ్చినట్టుంది" అన్నారు. నాలుగో రోజు పోయింది.

కోసి చూపించారు. పశువు మేతను మనలా నమిలి మింగదు కదా, ఉన్నదున్నట్టు లోపలికి పంపి తర్వాత నెమరేస్తుంది. మేతతో పాటు పోయిన ఇనుప ముక్క తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉండే పొట్టలో ఆగుతుంది. ఆ పొట్టకీ గుండెకీ మధ్య దూరం తక్కువ. రెండంగుళాల మేకు ఆ పొట్టని చీల్చుకుని గుండె పొర దాకా పోయింది. నల్లగా కాలిన మేకు, వెడల్పు తల. మా ఇంట్లో అలాంటి మేకు ఎప్పుడూ వాడలేదు.

మర్నాడు పాత స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీసి కొట్టం నేల మీద తిప్పా. ఒక పాలడబ్బాడు ఇనుము పోగైంది. బఠాణీ గింజల్లాంటి ఇనుప గుళ్లు, సన్న తీగ ముక్కలు, పోత అంచుల పలుకులు, ఇంకో ఏడు మేకులు. ఇసుక వచ్చిన చోటికి వెళ్లి అక్కడి సూపర్వైజరుకి డబ్బా చూపించా. మంచి మనిషే, దాచలేదు. పెద్ద అచ్చుల్లో ఇసుక విరిగిపోకుండా మేకులు గుచ్చుతారంట. లోపలి డొల్ల కోసం పెట్టే ఇసుక దిమ్మల్లో, వాటిని కోర్ అంటారు, తీగలు పెడతారంట. "మళ్లీ మేం వాడుకునే ఇసుకైతే జల్లెడ పడతాం, అయస్కాంతం పెడతాం. పారబోసేదానికి ఎవరు పెడతారు సార్" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ మాట మీదే ఈ పోస్టు.

ఇది చదివి ఫౌండ్రీలు మూసేయాలి అని కింద కామెంటు పెట్టకండి. నేను ఆ మాట అనట్లేదు. అసలు చెత్తను మళ్లీ సరుకు చేయడంలో ఫౌండ్రీని మించింది లేదు. మన మోటారు పంపు కేసింగు, ఇంపెల్లరు, ఆయిల్ ఇంజను బ్లాకు, ట్రాక్టరు గేరు బాక్సు, మ్యాన్‌హోల్ మూత, ఇవన్నీ పోత ఇనుము. పంపుల పోతలకు కోయంబత్తూరు, ఇంజన్ల పోతలకు కొల్హాపూరు, రాజ్‌కోట్ పేరు పడ్డాయి. హైదరాబాదు బాలానగర్, చర్లపల్లి వైపు పోత పనులున్నాయి, చాలా పట్నాల్లో చిన్నా చితకా ఉన్నాయి. వాళ్లు కొలిమిలో వేసేది ఎక్కువ పాత ఇనుమే. మనం కిలోల లెక్కన అమ్మే విరిగిన నాగలి కర్రు, అరిగిన రోటావేటర్ బ్లేడు, పగిలిన కేసింగు, అన్నీ తుక్కు కొట్టుకి పోయి, అక్కడ రకాలుగా వేరై, ఫర్నేసుకి చేరతాయి. 1400 డిగ్రీల దగ్గర నీళ్లయి అచ్చులోకి పోతాయి. పగిలిన పంపు మళ్లీ పంపై మన బోరు మీదికే వస్తుంది. ముడి ఖనిజం తవ్వి, బొగ్గు కాల్చి కొత్త ఇనుము చేసేదానికన్నా ఇందులో ఖర్చయ్యే శక్తి చాలా తక్కువ. అల్యూమినియం అయితే మరీ. పాత గిన్నె కరిగించడానికి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే కరెంటులో దాదాపు 5 శాతం చాలు.

ఈ పని మనకేం కొత్త కాదు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో వందల ఏళ్ల కిందటే ఉక్కు చేసేవాళ్లు. డమాస్కస్ కత్తులకు ఇక్కడి ఉక్కు పోయేదని చరిత్ర. ఉత్తర తెలంగాణ రైతులకు దున్నేటప్పుడు ఇప్పటికీ బరువైన నల్ల చిట్టెపు రాళ్లు తగులుతుంటాయి. అది ఆ కాలం కొలుముల చెత్త. చూశారా, పారబోసినవాళ్లు పోయారు, రాజ్యాలు పోయాయి, పారబోసింది మాత్రం చేలోనే ఉంది. పొలంలో వేసింది పొలంలోనే ఉంటుంది.

ఇప్పుడు ఇసుక సంగతి. ఇనుము కరిగించడం ఒక ఎత్తు, అచ్చు కట్టడం ఒక ఎత్తు. ఒక టన్ను పోత రావాలంటే నాలుగైదు టన్నుల ఇసుకతో అచ్చు కట్టాలి. అది మామూలు ఏటి ఇసుక కాదు, సిలికా ఇసుక. మన నెల్లూరు కింద చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వేదే, గాజు ఫ్యాక్టరీలకు, ఫౌండ్రీలకు పోతుంది. అందులో బెంటొనైట్ అనే బంకమట్టి, కొంచెం బొగ్గు పొడి, కాస్త నీళ్లు కలిపి అచ్చు కడితే దాన్ని గ్రీన్ సాండ్ అంటారు. పేరు గ్రీన్, రంగు నలుపు. బొగ్గు పొడి వల్ల నలుపు. పచ్చిగా, తడిగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఈ ఇసుకను మళ్లీ మళ్లీ వాడతారు. ప్రతిసారీ వేడికి కొంత మట్టి కాలిపోయి బంక పోతుంది. అంత పారబోసి, అంత కొత్తది కలుపుతారు. మన టిప్పరులో వచ్చేది ఆ పారబోసేది.

రెండో రకం ఉంది. బంకమట్టి బదులు రెసిన్, అంటే ఫినాల్, ఫ్యూరాన్ లాంటి రసాయనాల జిగురు. కోర్లకు, పెద్ద అచ్చులకు ఇది వాడతారు. ఈ ఇసుక ఎండలో వేడెక్కితే ఆసుపత్రి వాసన, లేకపోతే పెయింటు వాసన వస్తుంది. చాలాసార్లు నీళ్లు పోస్తే ఇంకదు, ముత్యాల్లా పైన నిలబడుతుంది. ఇది నారుమడి పక్కన వేస్తే ఏమవుతుందో రైతుకు చెప్పాలా?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఏ లోహం పోశారు అన్నది. ఇనుము పోసిన ఇసుక వేరు, ఇత్తడి, కంచు పోసిన ఇసుక వేరు. ఇత్తడి అంటే రాగి, జింకు. బిరడాలు, కుళాయిలు, బుష్‌లు చేసే ఇత్తడిలో, కంచులో చాలాసార్లు సీసం కూడా కలుపుతారు, లేతు మీద సులువుగా తెగాలని. అవన్నీ ఆ ఇసుకకు అంటుకుంటాయి. రాగి, జింకు మొక్కకు చిటికెడు కావాలి, ఎక్కువైతే చంపుతాయి. సీసం చిటికెడు కూడా అక్కర్లేదు. పై మట్టిలో పడిందంటే మన మనవల కాలానికి కూడా అక్కడే ఉంటుంది.

మా ఊరి కుర్రాడు ఒకడు, ఇంజనీరింగు చదివాడు, నాతో వాదించాడు. "బాబాయ్, అమెరికాలో ఈ ఇసుకని పొలం మట్టిలోనే కలుపుతారు తెలుసా" అన్నాడు. తెలుసు. నేనూ చదివా. అక్కడి పర్యావరణ సంస్థ 2014లో దీని మీద లెక్కలన్నీ వేసి, ఇనుము, ఉక్కు, అల్యూమినియం ఫౌండ్రీల సిలికా ఇసుకను రోడ్ల కిందా, తయారు చేసిన మట్టి మిశ్రమాల్లోనూ వాడుకోవచ్చు అని చెప్పింది. అబద్ధం కాదు. కానీ అదే లెక్కలో ఇత్తడి, కంచు ఫౌండ్రీల ఇసుకను పక్కన పెట్టేసింది. ఆలివిన్ అనే ఇంకో రకం ఇసుకనూ పక్కన పెట్టింది. అంటే అక్కడ వాళ్లు మొదట చేసిన పని ఏంటి? వేరు చేయడం. ఏ కొలిమిదో తెలిసిన ఇసుక మీద పరీక్ష చేసి, దీనికి సరే, దానికి కాదు అన్నారు. మన టిప్పరులో ఏ కొలిమిదో డ్రైవరుకే తెలియదు. మూడు ఫౌండ్రీల ఇసుక ఒక గుట్టలో పోసి అక్కడి నుంచి లోడు చేస్తారు. అమెరికా మాట ఆ గుట్టకి వర్తించదు రా అబ్బాయ్ అన్నా. ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

ఇంకో సంగతి చెప్తా, మీలో చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. కొలిమి చెత్త మీ పొలంలోకి ఎప్పుడో వచ్చింది. మీరే డబ్బులు పెట్టి కొని చల్లారు.

వరిలో జింకు లోపం ఎవరికి తెలియదు. ఆకుల మీద ఇటుక రంగు మచ్చలు, మొక్క గిడసబారిపోవడం, ఎంత యూరియా వేసినా పచ్చబడకపోవడం. ఉత్తరాదిలో దీన్ని ఖైరా అంటారు. 1960ల్లో పంత్‌నగర్ విశ్వవిద్యాలయంలో వై.ఎల్. నేనే గారు ఇది తెగులు కాదు, జింకు లోపం అని కనిపెట్టే దాకా రైతులు దాన్ని తెగులనే అనుకున్నారు. ఇప్పుడు మనం దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తాం, పైరు మీద కనిపిస్తే లీటరుకు 2 గ్రాములు కలిపి కొడతాం. ఆ జింకు ఎక్కడిది? చాలా మటుకు జింక్ యాష్ నుంచి వస్తుంది. ఇనుప పైపులు, కంచె తీగ, కరెంటు టవర్ల ముక్కలు తుప్పు పట్టకుండా కరిగిన జింకులో ముంచుతారు కదా, అదే గాల్వనైజింగు. ఆ తొట్టి మీద మీగడలా కట్టే తెట్టె జింక్ యాష్. ఇత్తడి కరిగించే చోట జింకు ఆవిరై పొగలో పోతుంది, ఆ దుమ్ము పట్టినా జింకే. ఈ యాష్‌ని గంధకామ్లంలో కరిగించి, ఇనుము, సీసం, కాడ్మియం తీసేసి, గడ్డకట్టిస్తే మన సంచిలో తెల్ల పలుకులు.

అది చెత్త నుంచి వచ్చింది కాబట్టి చెడ్డదా? కానే కాదు. ఆ చెత్త లేకపోతే మనకు జింకు ఇంత అందుబాటులో ఉండేదీ కాదు. ఎందుకు భయం లేదంటే, దానికి లెక్క ఉంది. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం మామూలుగా మనం వాడే జింక్ సల్ఫేట్‌లో జింకు 21 శాతానికి తగ్గకూడదు. సీసం 0.003 శాతం దాటకూడదు. కాడ్మియం 0.0025 శాతం దాటకూడదు. ఆర్సెనిక్‌కి కూడా హద్దు ఉంది. 20 కిలోల మీద లెక్క కట్టండి, సీసం 0.6 గ్రాము మించకూడదు. వ్యవసాయ అధికారి దుకాణంలో శాంపిలు తీసి ల్యాబుకు పంపొచ్చు. తప్పితే కేసు. మెగ్నీషియం సల్ఫేట్‌ని జింకు అని అమ్మే దొంగలు లేరని కాదు. ఉన్నారు, మనం మోసపోయాం కూడా. కానీ దొంగని దొంగ అనడానికి ఒక కొలత ఉంది. సంచి మీద కంపెనీ పేరు ఉంది, బ్యాచ్ నంబరు ఉంది, నా దగ్గర బిల్లు ఉంది.

20 కిలోల సంచికి 0.6 గ్రాము సీసం దాకా లెక్క. 10 టన్నుల టిప్పరుకి ఏ లెక్కా లేదు, ఒక చీటీ కూడా లేదు. నా గొడవంతా ఇదే.

కొలిమి నుంచి వచ్చిందా, గని నుంచి వచ్చిందా అన్నది కాదు నా ప్రశ్న. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది, స్లాగ్ సిమెంటు అని సంచి మీద రాసి మరీ అమ్ముతారు, మన ఇళ్లు ఎన్నో దాంతో కట్టినవే. దానికి ఐఎస్ఐ ప్రమాణం ఉంది. సూరత్ దగ్గర హజీరాలో 2022లో ఉక్కు చిట్టెంతో ఆరు వరుసల రోడ్డు వేశారు, రోజూ పెద్ద పెద్ద లారీలు తిరుగుతున్నాయి. అక్కడా ముందు శుద్ధి చేశారు, పరీక్ష చేశారు, తర్వాత వేశారు. యూరప్‌లో అయితే దాదాపు నూటనలభై ఏళ్ల కిందటే, భాస్వరం ఎక్కువున్న ఇనుము శుద్ధి చేసినప్పుడు వచ్చిన చిట్టెాన్ని మెత్తగా పొడి కొట్టి థామస్ ఎరువు అని రైతులకు అమ్మారు. పుల్ల నేలలకు అది బంగారం. దాంట్లో సున్నం ఎక్కువ. మన నల్లరేగళ్లకు అక్కర్లేదు, మనవి ఇప్పటికే సున్నపు నేలలు. చెప్పొచ్చేదేంటంటే, కొలిమి చెత్తకి రైతు శత్రువు కాదు. పేరు లేని చెత్తకి శత్రువు.

ఇప్పుడు డబ్బు సంగతి మాట్లాడదాం. ఎందుకంటే ఉచితం అన్న మాటే మనల్ని పడేస్తుంది. టిప్పరు డీజిలు ఎవరు పోస్తున్నారు? డ్రైవరు బత్తెం, లోడింగు జేసీబీ ఎవరివి? మనం ఇవ్వట్లేదంటే ఫౌండ్రీ ఇస్తోంది. అది వదిలించుకోవడానికి వాళ్లకు ఖర్చవుతోంది కాబట్టే మనకి ఉచితం. సరైన చోట పారబోయాలంటే ఇంకా ఎక్కువ అవుతుంది. ఆ తేడా మధ్యలో ఫోన్ చేసే ఆయన జేబులోకి పోతుంది. అంటే మన డొంక వాళ్లకు డంపింగ్ యార్డు. దీనికి రీసైక్లింగ్ అని పేరు పెడితే నేను ఒప్పుకోను. ఇంకొకరి పొలంలోకి మార్చడం రీసైక్లింగ్ కాదు, బట్వాడా.

నిజమైన రీసైక్లింగ్ ఎలా ఉంటుందో కొల్హాపూరులో చూడొచ్చు. అక్కడ ఫౌండ్రీలు కలిసి వాడిన ఇసుకను శుద్ధి చేసుకునే ఉమ్మడి ప్లాంటు పెట్టుకున్నాయి. ఈ శుద్ధిలో పద్ధతి ఇలా ఉంటుంది. గడ్డలు పగలగొట్టి, అయస్కాంతంతో ఇనుము తీసి, జల్లించి, రెసిన్ ఇసుకైతే బాగా కాల్చి జిగురు పోగొట్టి, మళ్లీ అచ్చులకే వాడతారు. మేకు మళ్లీ కొలిమికి, ఇసుక మళ్లీ అచ్చుకి. చిన్న ఫౌండ్రీ ఒక్కటే ఆ ఖర్చు పెట్టుకోలేదు, నిజమే. పది కలిస్తే పెట్టుకోగలవు. పాల కేంద్రం మనం అలాగే పెట్టుకున్నాం కదా, ఒక్కడి వల్ల అయ్యే పనా? ఇలా చేస్తే చిల్లకూరు వైపు తవ్వకం కూడా తగ్గుతుంది, అక్కడా రైతులే ఉన్నారు.

మన వైపు తప్పులు కూడా చెప్పాలి. తుక్కు అమ్మేటప్పుడు మనం చేసే ఘనకార్యాలు తక్కువేం కాదు. పురుగుమందు డబ్బా కడగకుండా తుక్కులో వేస్తాం. అది కొలిమిలో పడ్డప్పుడు ఆ పొగ పీల్చేది మన ఊళ్ల నుంచి పనికి పోయిన కుర్రాళ్లే. పాత షాకబ్జార్బరు, మూత బిగించిన గొట్టం, గ్యాసు డబ్బా లాంటివి అలాగే అమ్మేస్తాం. మూసి ఉన్నది కరిగిన ఇనుములో పడితే లోపలి గాలి, నూనె వ్యాకోచించి బాంబులా పేలుతుంది, కరిగిన ఇనుము మనిషి మీద పడుతుంది. రంధ్రం కొట్టి అమ్మండి, ఒక్క నిమిషం పని. కాలిన మోటారు వైండింగు, పాత కేబులు గట్టు మీద వేసి తగలబెట్టి రాగి తీస్తాం, ఆ నల్ల పొగ పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. తొడుగు వొలిచి అమ్మితే రేటు కూడా ఎక్కువ వస్తుంది, ఓపిక లేదంతే.

ట్రాక్టరు బ్యాటరీ మాట వేరే చెప్పాలి. బ్యాటరీ బరువులో సగం పైన సీసం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అంటే మామూలు పొయ్యి మీద కూడా. అందుకే ఊరవతల రేకుల షెడ్డులో రాత్రిళ్లు కరిగించే దొంగ కొలుములు పుడతాయి. ఆమ్లం పంట కాలువలో పోస్తారు, పొగ పక్క చేల మీద పడుతుంది, ఆ గడ్డి మేసిన పశువు కళ్లు పోయి, పళ్లు కొరుక్కుని, తల గోడకేసి కొట్టుకుంటుంది. 2022లో వచ్చిన బ్యాటరీ నిబంధనల ప్రకారం అమ్మిన కంపెనీలే పాత బ్యాటరీని వెనక్కి తీసుకుని అనుమతి ఉన్న చోటికి పంపాలి. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చి బిల్లులో తగ్గించుకోండి. సైకిలు మీద వచ్చే ఆయన వంద ఎక్కువ ఇస్తాడని ఆశపడకండి. ఆ వంద ఎవరి గేదె మీద నుంచి వస్తుందో తెలియదు.

సరే, నల్ల ఇసుక వస్తే ఏం చేయాలి అంటారా? నేనైతే ఇలా చేస్తా. ఏ ఫౌండ్రీదో పేరుతో, లోహం, జిగురు ఏంటో రాసిన కాగితం, దాంతో పాటు ల్యాబు రిపోర్టు అడుగుతా. ఇసుకని నీళ్లలో ఊరబెట్టి, ఆ నీళ్లలోకి సీసం, కాడ్మియం, క్రోమియం లాంటివి ఎంత దిగాయో చూసే పరీక్ష ఉంటుంది, దాన్ని లీచింగ్ పరీక్ష అంటారు. ఫౌండ్రీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రంలో ఏ వ్యర్థం ఎంత వస్తుంది, ఎక్కడికి పోవాలి అన్నది రాస్తారు. మీ ఊరి డొంక పేరు అందులో ఉండదు కదా, అది చాలు అడగడానికి. ఇత్తడి, కంచు అని తెలిస్తే చేతులు జోడించి పంపించేస్తా. కాగితం లేకపోయినా అంతే.

కాగితం ఉండి, ఇనుప ఫౌండ్రీ గ్రీన్ సాండ్ అని తేలితే, డొంక కింద పొరగా వేసి పైన అడుగు మందం గ్రావెల్ కప్పితే నాకు అభ్యంతరం లేదు. బోరు పక్కన, చెరువు గట్టు మీద, కాలువ ఒడ్డున వద్దు. నారుమడి దరిదాపుల్లో వద్దు. కొట్టంలో అసలు వద్దు, ఎంత మంచి ఇసుకైనా. దించేటప్పుడు నీళ్లు చల్లించండి. ఆ సన్న సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, ఫౌండ్రీ పనివాళ్లకు సిలికోసిస్ వచ్చేది దాని వల్లే. వాసన చూడండి, గుప్పెడు గ్లాసులో వేసి నీళ్లు పోసి చూడండి. ఇవి ల్యాబు పరీక్షకు బదులు కాదు, సీసానికి వాసన ఉండదు. కానీ మొదటి అబద్ధం ఇక్కడే దొరికిపోతుంది.

ఇప్పటికే కొట్టంలో వేసుకున్నవాళ్లు కంగారు పడొద్దు. పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి నాలుగు రోజులు తిప్పండి, ఎంత వస్తుందో మీరే చూస్తారు. మేత నేల మీద వేయకండి, గాడిలో వేయండి. గేదె మేత మానేసి, నడుం గూనిగా పెట్టి, పల్లంలోకి దిగనంటే మాత్రం వాము నీళ్లు తాగిస్తూ కూర్చోకండి. ఆ రోజే డాక్టరు గారిని పిలవండి. కొన్ని చోట్ల పశువుకు మందుబిళ్లలా అయస్కాంతం మింగిస్తారు, ఇనుము దానికి అతుక్కుని గుండె వైపు పోకుండా ఉంటుంది. మీ డాక్టరు గారిని అడగండి.

పంచాయతీలో కూడా ఒక తీర్మానం పెట్టిద్దామని మా సర్పంచ్ గారితో మాట్లాడా. బయటి నుంచి ఏ వ్యర్థం ఊరి పొలిమేరలో దించాలన్నా ముందు కాగితం పంచాయతీలో ఇవ్వాలి, టిప్పరు నంబరు రాయాలి అని. ఆయన వచ్చే గ్రామసభలో పెడదాం అన్నారు. మీ ఊళ్లో ఇలాంటిది ఎవరైనా చేసి ఉంటే ఎలా రాశారో కింద పెట్టండి, మాకు పనికొస్తుంది.

పక్క ఊరి డొంకలో దిగిన ఆరు లోడ్లు ఇంకా పరవలేదంట, కుప్పలుగానే ఉన్నాయి. అక్కడి మేకల వాళ్లు ఆ దారినే పోతారు. రేపు పొద్దున అయస్కాంతం, రెండు గోనె సంచులు తీసుకుని వెళ్తున్నా. శాంపిలు సంచిలో కట్టి ఆ ఊరి పెద్దల చేతే సంతకం పెట్టించి ల్యాబుకు పంపుదామని ఆలోచన. వచ్చేవాళ్లు ఉంటే 7 గంటలకు మా ఊరి రావిచెట్టు దగ్గర ఉంటా.